అరెస్టు రహస్యం కారాదు

సూరత్ వంటి మహానగరంలో పోలీసులు ఒక మనిషిని పట్టుకుపోతే అతని ఆచూకీ తెలిపే కాగితాలు అనేకం పుడతాయి. అవి ఎక్కడ ఉంటాయో, ఎవరిని అడగాలో తెలియకపోవడమే అసలు చిక్కు.

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరంలో మరమగ్గాల చప్పుడు రాత్రింబవళ్ళు వినవస్తూనే ఉంటుంది. 2011 జనాభా లెక్కల నాటికే 44 లక్షలు దాటిన ఈ నగరం బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవారితో నిండినది. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహారు, మహారాష్ట్రల నుండి వచ్చినవారి సరసనే నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి పేటలలో స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ బడులలో తెలుగు మాధ్యమానికి కూడ చోటున్నదంటే అక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించుకోవచ్చు.

ఇటువంటి నగరంలో రాత్రి షిఫ్టుకు వెళ్ళిన మనిషి పొద్దెక్కినా ఇల్లు చేరకపోతే ఇంటివారు మొదట ఆస్పత్రులకు పరుగెత్తుతారు. అక్కడ లేడని తేలిన తరువాత ఎవరో ఒకరు చెవిన వేస్తారు: "పోలీసులు తీసుకువెళ్ళారట." ఏ పోలీసులు? ఏ నేరానికి? ఇప్పుడు ఎక్కడ ఉంచారు? రేపు ఏ కోర్టుకు తెస్తారు? భాష రాని ఊరిలో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకక ఎన్నో కుటుంబాలు దళారుల చేతికి చిక్కుతాయి. సొమ్ము పోతుంది, విలువైన కాలమూ పోతుంది.

నిజానికి ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పవలసిన బాధ్యతను చట్టం పోలీసుల పైననే మోపినది. ఒక అరెస్టు సక్రమంగా జరిగితే దాని జాడ కనీసం అయిదారు చోట్ల నమోదు కావలసి ఉన్నది: అరెస్టు మెమోలో, పోలీసు స్టేషను పుస్తకంలో, జిల్లా కేంద్రపు పట్టికలో, ఎఫ్.ఐ.ఆర్.లో, మేజిస్ట్రేటు ఉత్తర్వులో, చివరకు జైలు రిజిస్టరులో. వీటిలో కొన్ని అందరూ చూడదగినవి, కొన్ని బంధువులు మాత్రమే అడగదగినవి. ఏది ఏదో తెలుసుకొన్నవాడికి దారి సులువు.

ఒక తంతి, ఒక ఉత్తరం

ఈ హక్కులు ఊరక రాలేదు. 1994 జనవరి 7వ తేదీన జోగిందర్ కుమార్ అనే 28 ఏళ్ళ యువ న్యాయవాదిని ఒక కేసు విషయమై మాట్లాడవలసి ఉన్నదని ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ పోలీసు అధికారి పిలిపించారు. సోదరులతో కలిసి వెళ్ళిన ఆ యువకుడు తిరిగి రాలేదు. తమ్ముడిని ఏ తప్పుడు కేసులో ఇరికిస్తారో, ప్రాణానికే ముప్పు తెస్తారో అన్న భయంతో మధ్యాహ్నం ఒంటిగంట కాకముందే అన్న ముఖ్యమంత్రికి తంతి కొట్టాడు. ఆ తరువాత రెండు రోజులు కుటుంబం ఒక ఠాణా నుండి మరొక ఠాణాకు తిరిగినది. చివరకు మనిషిని ఎక్కడికో తరలించారని తెలిసి వారు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. కోర్టు నోటీసు వెళ్ళిన మూడవ నాడు, జనవరి 14న, పోలీసు అధికారి ఆ యువకుడిని వెంటబెట్టుకొని న్యాయస్థానంలో నిలబడ్డారు.

మనిషి దొరికాడు గనుక కేసు ముగిసినదని న్యాయమూర్తులు భావించలేదు. 1994 ఏప్రిల్ 25న వెలువరించిన తీర్పులో వారు స్పష్టంగా చెప్పినది ఇది: అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, ఆ అధికారాన్ని వినియోగించడానికి తగిన కారణం ఉండటం వేరు. అరెస్టయినవాడు కోరితే అతని బంధువుకో, మిత్రునికో కబురు పంపవలెను. ఎవరికి పంపారో స్టేషను డైరీలో వ్రాయవలెను. ఈ నియమం పాటించారా లేదా అని మేజిస్ట్రేటు చూడవలెను.

రెండవ కథ ఒక ఉత్తరంతో మొదలైనది. పశ్చిమ బెంగాల్ న్యాయసహాయ సంస్థ కార్యనిర్వాహక అధ్యక్షుడు డి.కె. బసు, లాకప్పు మరణాల గురించి పత్రికలలో వచ్చిన వార్తలను జతచేసి 1986 ఆగస్టు 26న భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాశారు. ఆ లేఖనే కోర్టు రిట్ పిటిషనుగా స్వీకరించినది. పదేళ్ళ తరువాత, 1996 డిసెంబరు 18న, తీర్పు వెలువడినది. దానిలోని పదకొండు ఆదేశాలు ఆనాటి నుండి దేశంలోని ప్రతి పోలీసు స్టేషనుకూ వర్తించాయి. ప్రతి జిల్లా కేంద్రంలోను, రాష్ట్ర కేంద్రంలోను పోలీసు కంట్రోలు రూము ఉండవలెననీ, అరెస్టు జరిగిన 12 గంటలలోగా ఆ సమాచారమూ, మనిషిని ఉంచిన చోటూ అక్కడికి చేరవలెననీ, అందరికీ కనబడే నోటీసు బోర్డుపై ప్రకటించవలెననీ చివరి ఆదేశం శాసించినది.

ఇల్లు విడిచి దూరప్రాంతంలో బ్రతికేవారికి అంతకంటె ముఖ్యమైన ఆదేశం మరొకటి ఆ తీర్పులో ఉన్నది. అరెస్టయినవాని బంధువులు ఆ జిల్లాలో కాక వేరొక చోట నివసిస్తున్నట్లయితే, జిల్లా న్యాయసహాయ సంస్థ ద్వారాను, బంధువుల ఊరి పోలీసు స్టేషను ద్వారాను 8 నుండి 12 గంటలలోగా వారికి కబురు అందించవలెను. ఆ కబురు తంతి ద్వారా పంపవలెనని అప్పుడు వ్రాశారు. 2013 జులైతో దేశంలో తంతి సేవ ముగిసినది. కాని కబురు పంపవలసిన బాధ్యత ముగియలేదు. అందుచేత సూరత్‌లో పనిచేసే కొడుకు కనబడకపోతే నల్లగొండ జిల్లాలోని తల్లిదండ్రులు తమ ఊరి ఠాణాలో కూడ వాకబు చేయడం సమంజసమే.

ఈ ఆదేశాలలో ముఖ్యమైనవి 2008లో చేసిన సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి ఎక్కాయి. 2010 నవంబరు 1 నుండి అమలుకు వచ్చాయి. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చినది. సెక్షన్ల అంకెలు మారాయి; హక్కులు నిలిచాయి, కొన్ని మరింత బలపడ్డాయి కూడ.

గోడమీది పట్టిక

కొత్త సంహితలోని 37వ సెక్షను సామాన్యునికి పెద్ద ఆయుధం. దాని ప్రకారం ప్రతి జిల్లాలోను, ప్రతి పోలీసు స్టేషనులోను అసిస్టెంటు సబ్ఇన్‌స్పెక్టరుకు తక్కువకాని హోదా గల ఒక అధికారిని ప్రత్యేకంగా నియమించవలెను. అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, మోపిన నేరం ఏ రకమైనదో తెలిపే వివరాలు నిర్వహించడం అతని విధి. ఆ వివరాలు ప్రతి స్టేషనులోను, జిల్లా కేంద్రంలోను ప్రస్ఫుటంగా కనబడవలెను. కంప్యూటరు ద్వారా కూడ ప్రదర్శించవచ్చునని చట్టమే చెబుతున్నది. అందుచేత స్టేషను గుమ్మంలో నిలబడి "మావాడు ఇక్కడున్నాడా?" అని దీనంగా అడగడం కంటె, "37వ సెక్షను కింద నియమితుడైన అధికారి ఎవరు? అరెస్టుల పట్టిక ఎక్కడ?" అని మర్యాదగా అడగడం మేలు. ప్రశ్న తెలిసి అడిగినవానికి దక్కే జవాబు వేరు.

అయితే ఏ స్టేషను గుమ్మం ఎక్కాలి? సూరత్‌లో ఇక్కడే చాలామంది పొరబడతారు. నగరానికి పోలీసు కమిషనరేటు ఉన్నది. నగరం వెలుపలి తాలూకాలకు సూరత్ గ్రామీణ పోలీసు విభాగం వేరుగా ఉన్నది. రైల్వే స్టేషనులోను, రైలులోను జరిగిన వ్యవహారాలు రైల్వే పోలీసులవి. లింబాయత్, ఉధనా, పాండేసరా, డిండోలి, సచిన్, వరాఛా, సలాబత్‌పురా వంటి పేటలకు విడివిడిగా ఠాణాలు ఉన్నాయి. మనిషి నివసించే పేట ఠాణా కాక, సంఘటన జరిగినదని చెప్పే చోటి ఠాణాయే అరెస్టు చేసి ఉండవచ్చు. నగర క్రైం బ్రాంచివారు తీసుకువెళ్ళినట్లయితే పేట ఠాణాకు తెలియకనే పోవచ్చు. కనుక మొదట ఇంటి దగ్గరి ఠాణా, తరువాత పనిచేసే కార్ఖానా ఉన్న చోటి ఠాణా, అక్కడా జాడ లేకపోతే కమిషనరేటు కంట్రోలు రూము, క్రైం బ్రాంచి, ఆపైన రైల్వే పోలీసు అనే వరుసలో వెదకడం ఉత్తమం. ఎక్కడికి వెళ్ళినా వెళ్ళిన వేళ, మాట్లాడిన అధికారి పేరు, హోదా ఒక కాగితం మీద వ్రాసుకోవలెను. తరువాత న్యాయవాదికి పనికివచ్చేది ఆ కాగితమే.

అరెస్టు చేసిన అధికారి అక్కడికక్కడే వ్రాయవలసిన పత్రం మరొకటి ఉన్నది. దానికి అరెస్టు మెమో అని పేరు. 36వ సెక్షను ప్రకారం దానిపై కుటుంబసభ్యుడో, ఆ పేటలోని పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయవలెను. అరెస్టయినవాడూ సంతకం చేయవలెను. అరెస్టు చేయవచ్చిన అధికారి ఒంటిపై అతని పేరు స్పష్టంగా కనబడవలెను. 48వ సెక్షను ప్రకారం అరెస్టు సంగతినీ, ఉంచిన చోటునూ బంధుమిత్రులలో ఒకరికి వెంటనే తెలియజేసి, ఎవరికి తెలియజేశారో స్టేషను పుస్తకంలో నమోదు చేయవలెను. స్త్రీని సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితులలో మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి పొందితేనే అది చెల్లుతుంది.

ఎఫ్.ఐ.ఆర్. చూడటం ఎలా?

ప్రథమ సమాచార నివేదికనే అందరూ ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఎవరు ఫిర్యాదు చేశారు, ఏ రోజు, ఏ చోట, ఏ సెక్షన్ల కింద అన్నది అందులో ఉంటుంది. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, నమోదైన 24 గంటలలో ఎఫ్.ఐ.ఆర్.ను పోలీసు వెబ్‌సైటులో ఉంచవలెను. సమాచార సౌకర్యాలు సరిగాలేని ప్రాంతాలకు మాత్రం గడువు 72 గంటల వరకు పెంచవచ్చు. గుజరాత్ పోలీసుల రికార్డులు ఈ-గుజ్‌కాప్ అనే కంప్యూటరు వ్యవస్థలో ఉంటాయి; ప్రజల కోసం సిటిజన్ పోర్టల్ అనే వెబ్‌సైటు ఉన్నది. జిల్లా, స్టేషను, తేదీ తెలిస్తే అక్కడ ఎఫ్.ఐ.ఆర్. వెదకవచ్చు.

అన్నీ అక్కడ కనబడవు. లైంగిక నేరాలు, పసిపిల్లలపై జరిగిన నేరాలు, ఉగ్రవాదానికి, తిరుగుబాటుకు సంబంధించిన కేసులు మొదలైన వాటిని వెబ్‌సైటులో ఉంచనక్కరలేదని ఆ తీర్పే మినహాయించినది. వెబ్‌సైటులో లేనంత మాత్రాన కేసు లేదని అనుకోరాదు. అట్టి సందర్భంలో నిందితుడు గాని, అతని ప్రతినిధి గాని నిర్ణీత రుసుము చెల్లించి ధ్రువీకృత ప్రతి కోరవచ్చు. దరఖాస్తు అందిన 24 గంటలలో ఇవ్వవలెనని అదే తీర్పు నిర్దేశించినది. పోలీసులు ఇవ్వకపోతే కోర్టు నుండి పొందే దారి కూడ ఉన్నది.

సూరత్‌లో ఈ కాగితాలు గుజరాతీలో ఉంటాయి. నాలుగైదు మాటలు గుర్తుపడితే సగం చీకటి తొలగుతుంది. "ధర్‌పకడ్" అంటే అరెస్టు. "ఫరియాద్" అంటే ఫిర్యాదు. "ఆరోపీ" అంటే నిందితుడు. "జామీన్" మనకు తెలిసిన జామీనే. "అటకాయత్" అనే మాట కనబడితే మాత్రం ప్రత్యేకంగా గమనించవలెను. అది నేరం జరగకుండా ముందుగా పట్టి ఉంచే నిర్బంధాన్ని సూచిస్తుంది; దాని దారి వేరు.

కేసు లేని నిర్బంధం

తగాదా ముదిరి నేరానికి దారితీస్తుందని అనుమానం కలిగితే పోలీసులు 170వ సెక్షను కింద ఒక మనిషిని పట్టి ఉంచవచ్చు. ఇదివరలో దీని సంఖ్య 151. ఇటువంటి సందర్భంలో ఎఫ్.ఐ.ఆర్. అనేదే ఉండకపోవచ్చు, వెబ్‌సైటులో ఎంత వెదికినా ఫలితం ఉండదు. మరొక చట్టం కింద అవసరమైతే తప్ప 24 గంటలకు మించి ఉంచరాదు. మంచి ప్రవర్తనకు పూచీకత్తు వ్రాయించుకొనే పని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు జరుగుతుంది. కనుక ఎఫ్.ఐ.ఆర్. లేదని చెప్పినప్పుడు "అయితే అటకాయతా?" అని అడగవలెను.

దీనికంటె బరువైనది పాసా. గుజరాత్ సంఘవ్యతిరేక కార్యకలాపాల నివారణ చట్టం 1985 నాటిది. సారా వ్యాపారులు, మత్తుపదార్థాల విక్రేతలు, ప్రమాదకరమైనవారు మొదలైనవారిని విచారణ లేకనే ఏడాది వరకు నిర్బంధించే అధికారం దాని కింద ఉన్నది. నగరంలో పోలీసు కమిషనరు ఉత్తర్వుతోనే ఇది జరుగుతుంది. మనిషిని రాష్ట్రంలోని వేరొక ఊరి జైలుకు పంపవచ్చు. సూరత్ జైలులో పేరు కనబడలేదని నిరాశపడిన కుటుంబానికి జవాబు మరొక నగరపు జైలులో ఉండవచ్చునన్న మాట. నిర్బంధ కారణాలను సాధ్యమైనంత త్వరగా తెలియజేసి, జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వవలెనని రాజ్యాంగంలోని 22వ అధికరణం ఆదేశిస్తున్నది. ఆ నిర్బంధపు ఉత్తర్వు ప్రతియే ఇక్కడ ముఖ్యమైన రికార్డు.

కొత్తగా గుజరాత్ వెళ్ళేవారు మరవరాని సంగతి మరొకటి ఉన్నది. అది మద్యనిషేధం అమలులో ఉన్న రాష్ట్రం. తమ ఊరిలో ఎవరూ పట్టించుకోని సీసా అక్కడ అరెస్టుకు కారణం కాగలదు.

ఇరవైనాలుగు గంటల గీత

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే కాలం మినహా, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవలెను. రాజ్యాంగమూ, సంహితలోని 58వ సెక్షనూ గీసిన గీత ఇది. ఆదివారమనీ, పండుగ అనీ మినహాయింపు లేదు. పోలీసుల నుండి సూటిగా జవాబు రాకపోయినా, ఈ గీత దాటకముందే ఏదో ఒక మేజిస్ట్రేటు ముందుకు మనిషి రాక తప్పదు. అందుచేత ఠాణాల చుట్టూ తిరిగే కుటుంబంలో ఒకరైనా అఠ్వాలైన్స్‌లోని జిల్లా కోర్టు ఆవరణకు వెళ్ళి ఉండటం తెలివైన పని. రిమాండు కోసం తెచ్చినవారి సంగతి అక్కడి న్యాయవాదులకు, కోర్టు సిబ్బందికి తెలుస్తుంది.

కేసు కోర్టుకు చేరిన తరువాత వెదకడం సులువవుతుంది. ఈ-కోర్ట్స్ అనే జాతీయ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకొని కక్షిదారు పేరుతో గాని, స్టేషను పేరు, ఎఫ్.ఐ.ఆర్. సంఖ్య, సంవత్సరంతో గాని కేసును చూడవచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాంకెలు గల సి.ఎన్.ఆర్. సంఖ్య ఉంటుంది. అది చేతిలో ఉంటే తరువాతి వాయిదా ఎప్పుడో, మొన్నటి ఉత్తర్వు ఏమిటో ఎక్కడినుండైనా తెలుసుకోవచ్చు. ఒక జాగ్రత్త అవసరం: పేర్లు గుజరాతీ ఉచ్చారణ ననుసరించి మారి నమోదు కావచ్చు; ఇంటిపేరు ముందు, వెనుక కావచ్చు. "శ్రీనివాస్" దొరకకపోతే "శ్రీనివాసభాయి" అనీ, తండ్రి పేరుతోను వెదకి చూడవలెను. ఛార్జిషీటు దాఖలు కాకముందు అసలు కేసు కనబడకపోయినా, బెయిలు దరఖాస్తు కనబడే అవకాశం ఉన్నది.

మేజిస్ట్రేటు జుడిషియల్ కస్టడీకి పంపితే మనిషి సాధారణంగా నగరానికి వెలుపల లాజ్‌పోర్‌లో ఉన్న సూరత్ సెంట్రల్ జైలుకు చేరుతాడు. జైలు రిజిస్టరులో పేరు ఎక్కుతుంది. బంధువులు ములాఖాత్ కోసం ఈ-ములాఖాత్ అనే వెబ్‌సైటులో ముందుగా నమోదు చేసుకొనే ఏర్పాటు ఉన్నది.

తెలిసిన భాషలో చెప్పవలెను

అరెస్టుకు కారణం చెప్పడమంటే ఏదో ఒక భాషలో గొణగడం కాదు. 1962లో హరికిషన్ కేసులో, హిందీ మాత్రమే తెలిసిన నిర్బంధితునికి ఇంగ్లీషు ఉత్తర్వు ఇవ్వడం చాలదని సుప్రీంకోర్టు తేల్చినది. సుమారు రెండు దశాబ్దాల తరువాత లల్లూభాయి జోగీభాయి పటేల్ కేసు వచ్చినది. ఇంగ్లీషులో ఉన్న కారణాలను పోలీసు ఇన్‌స్పెక్టరు గుజరాతీలో నోటితో వివరించానని ప్రమాణపత్రం దాఖలు చేశారు. అదీ చాలదు, తెలిసిన భాషలో వ్రాతపూర్వకంగా ఇవ్వవలెనన్నది కోర్టు. ఆ రెండూ విచారణ లేని నిర్బంధాలకు సంబంధించిన తీర్పులు.

2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు ఈ రక్షణను అన్ని నేరాలకూ విస్తరించినది. అరెస్టు కారణాలను వ్రాతపూర్వకంగా, అరెస్టయినవానికి అర్థమయ్యే భాషలో అందించవలెను. వెంటనే వ్రాసి ఇవ్వడానికి వీలుకాకపోతే నోటితో చెప్పి, రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి కనీసం రెండు గంటల ముందు వ్రాత ప్రతి ఇవ్వవలెను. అలా చేయని అరెస్టు, రిమాండు చెల్లవు. గుజరాతీ చదవడం రాని తెలుగు కార్మికునికి ఈ తీర్పు ఎంతటి అండయో వేరుగా చెప్పనక్కరలేదు. "నాకు గుజరాతీ రాదు, తెలుగు మాత్రమే వచ్చు" అని మేజిస్ట్రేటుతో మొదటి రోజే చెప్పుకోవడం అతని హక్కు.

న్యాయవాదికి ఇచ్చుకొనే స్తోమతు లేదని వెనుకాడవలసిన పనీ లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ, అతని ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో అడగవచ్చు. 15100 అనే జాతీయ టెలిఫోను సంఖ్యకు చెప్పుకోవచ్చు. స్వగ్రామంలో ఉన్న కుటుంబం తమ జిల్లా సంస్థ ద్వారా కూడ సూరత్ సంస్థకు కబురు చేయించవచ్చు.

రికార్డు మౌనం వహిస్తే

అన్ని తలుపులూ తట్టినా "మాకు తెలియదు" అన్న జవాబే వస్తే రెండు మార్గాలు మిగులుతాయి. మొదటిది 2005 నాటి సమాచార హక్కు చట్టం. సాధారణ దరఖాస్తుకు 30 రోజుల గడువు ఉన్నా, మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటలలో ఇవ్వవలెనని అందులోని 7వ సెక్షను చెబుతున్నది. దరఖాస్తు పైభాగాన ఆ మాట స్పష్టంగా వ్రాయడం మరవరాదు. పోలీసు స్టేషనులోని కెమెరాల సంగతి కూడ గుర్తుంచుకోవలెను. ప్రతి స్టేషనులోను సి.సి. కెమెరాలు ఉండవలెననీ, వాటి చిత్రాలను నెలల తరబడి భద్రపరచవలెననీ 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించినది. మనిషిని ఠాణాకు తెచ్చారా లేదా అన్న వివాదంలో అవి సాక్ష్యం చెబుతాయి.

రెండవది హెబియస్ కార్పస్. మనిషిని తెచ్చి చూపవలసినదని పోలీసులను ఆదేశించే ఈ రిట్ కోసం అహమ్మదాబాదులోని గుజరాత్ హైకోర్టును ఆశ్రయించవచ్చు. దీని శక్తి ఎంతటిదో కేరళలో జరిగిన ఒక ఘటన చెబుతుంది. ఎమర్జెన్సీ రోజులలో, 1976 మార్చి 1న, కాలికట్ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి రాజన్‌ను పోలీసులు తీసుకుపోయారు. తండ్రి, ప్రొఫెసరు ఈచర వారియర్, అధికారులందరి చుట్టూ తిరిగినా జవాబు దొరకలేదు. ఎమర్జెన్సీ ముగియగానే, 1977లో, ఆయన హైకోర్టులో హెబియస్ కార్పస్ దాఖలు చేశారు. అసలు అతనిని అరెస్టు చేయనే లేదన్న ప్రభుత్వ వాదన సాక్షుల ముందు నిలవలేదు. కోర్టు తీర్పు పర్యవసానంగా అప్పటికే ముఖ్యమంత్రి అయి ఉన్న కె. కరుణాకరన్ ఏప్రిల్ 1977లో రాజీనామా చేయవలసి వచ్చినది. కొడుకు మాత్రం తిరిగి రాలేదు. ఠాణా పుస్తకంలో వ్రాయని ఒక్క పంక్తి ఖరీదు ఒక నిండు ప్రాణం కాగలదని ఆ కేసు దేశానికి తెలియజేసినది.

ఇతరుల రికార్డు చూడవచ్చునా?

ఇంతవరకు ఆచూకీ వెదికే బంధువుల మాట. ఇల్లు అద్దెకు ఇచ్చేవారు, పనిలో పెట్టుకొనేవారు, పెళ్ళి సంబంధం చూసేవారు కూడ "ఫలానావాడు ఎప్పుడైనా అరెస్టయ్యాడా?" అని వెదకాలనుకొంటారు. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో అరెస్టయినవారి పేర్లు, ఫొటోలు ఎవరైనా చూడవచ్చు. మన దేశంలో అటువంటి బహిరంగ జాబితా పుస్తకం లేదు. నిన్నటి అరెస్టు గోడమీద కనబడేది ఆ మనిషి మాయం కాకుండా కాపాడటానికే గాని, అతని జీవితకాలపు చిట్టాను ఊరందరికీ పంచడానికి కాదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. దర్యాప్తుకు అడ్డువచ్చే సమాచారాన్నీ, వ్యక్తిగత సమాచారాన్నీ సమాచార హక్కు చట్టమే మినహాయిస్తున్నది.

అవసరమున్నవారికి సక్రమమైన మార్గం ఉన్నది. ఎవరి ప్రవర్తన గురించి ధ్రువపత్రం కావాలో ఆ మనిషి చేతనే పోలీసు పరిశీలనకు దరఖాస్తు పెట్టించవలెను. బాలల విషయంలో చట్టం మరింత కఠినం. చట్టంతో ఘర్షణపడిన బాలుని పేరు, బడి, చిరునామా, ఫొటో ప్రచురించడం 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షను ప్రకారం నేరం.

అరెస్టయినవాడు దోషి కాడన్న మొదటి పాఠం మరిస్తే ఈ రికార్డులన్నీ హాని చేసే పనిముట్లే అవుతాయి. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. నలుగురు ఖైదీలలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదన్న మాట. వెబ్‌సైటులో ఒక పేరు చూసి ఇల్లు ఖాళీ చేయించేవారు, పనిలోనుండి తీసివేసేవారు ఈ లెక్కను ఒకసారి తలచుకోవడం న్యాయం. చూడవలసినది అరెస్టు జరిగినదా అని కాదు, కేసు ఏమైనదని. ఆ జవాబు కోర్టు తీర్పులో మాత్రమే దొరుకుతుంది.

పోలీసు పుస్తకంలోని పంక్తికి రెండు ముఖాలు ఉన్నాయి. ఒక ముఖం రాజ్యానికి: ఈ మనిషి మా అదుపులో ఉన్నాడు, అతని క్షేమానికి మేము జవాబుదారులము అని అది ఒప్పుకొంటుంది. రెండవ ముఖం కుటుంబానికి: మీవాడు ఇక్కడే ఉన్నాడు, రేపు ఫలానా కోర్టులో కనబడతాడు అని చెబుతుంది. ఆ పంక్తి వ్రాయించడానికి ఒక అన్న తంతి కొట్టాడు, ఒక న్యాయసహాయ సంస్థ అధ్యక్షుడు ఉత్తరం వ్రాశాడు, ఒక తండ్రి కోర్టు మెట్లెక్కాడు. ఇప్పుడు చేయవలసినదల్లా ఠాణా గుమ్మంలో నిలబడి దానిని చూపించమని అడగడమే.